స్పాన్సర్‌షిప్ అక్కర్లేదు

పినపాక అవతల అడవి ఊళ్లో ఉండే చిరంజీవి ఎక్కడికి వెళ్లినా అడుగులు లెక్కపెడుతూనే నడుస్తాడు. పోడు భూములను జీపీఎస్‌తో కొలిచి కంప్యూటర్లో మ్యాపులు గీసే కాంట్రాక్టు పని పోయి పద్నాలుగు నెలలైనా కాళ్లు ఆ అలవాటు మానలేదు. అప్పటి నుంచి అదే పనికి విదేశాలకు దరఖాస్తులు పెడుతున్నాడు. ఏ మహానుభావుడు పెట్టాడో గానీ, అన్నింట్లోనూ ఒకటే ప్రశ్న: వీసాకు మా స్పాన్సర్‌షిప్ కావాలా? ‘కావాలి’ అని నొక్కిన నిమిషానికే ‘క్షమించండి’ అని వచ్చేస్తుంది. రెండు వందల పదకొండోసారి, ప్రాణం విసిగి, ‘అక్కర్లేదు’ అని నొక్కాడు. మూడో రోజే ఒక ఆస్ట్రేలియా కంపెనీ వాళ్లు ఫోన్ ఇంటర్వ్యూకి పిలిచారు.

ఊళ్లో సిగ్నల్ అందదు, గుట్టెక్కాడు. ఫోన్ మీద ఎండ పడకుండా, ఇంగ్లీషు ముక్క రాని తల్లి పుల్లమ్మ గొడుగు పట్టింది. దట్టమైన చెట్ల కింద జీపీఎస్ తప్పు చూపిస్తే ఏం చేస్తావని ఆస్ట్రేలియా ఆయన అడిగాడు. ఊరి పెద్దలను వెంట తీసుకెళ్లి, వాళ్లు చూపించే హద్దురాళ్లతో సరిచూసుకుంటానన్నాడు. ఆయనకు తెగ నచ్చింది. స్పాన్సర్‌షిప్ అక్కర్లేదన్నావుగా, వచ్చే నెల చేరతావా అన్నాడు. వీసాకు స్పాన్సర్‌షిప్ కావాల్సిందేనని చిరంజీవి ఉన్నమాట చెప్పేశాడు. ఆయన సారీ చెప్పి కాల్ కట్ చేశాడు. “ఏమన్నరు బిడ్డా?” అంది పుల్లమ్మ. సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తున్న ఫోన్‌ను బోర్లించి, “సిగ్నల్ పోయిందే అమ్మా” అన్నాడు. “గంతేనా? ఇంకొంచెం పైకెక్కుదాం పా,” అని ఆమె గొడుగు ముడిచి, కొంగు నడుముకు దోపుకుని ముందు నడిచింది.