తొట్టి పక్క చాప

కంటికి కనబడని వాటిని సైతం ఎరిగిన దేవునికి స్తోత్రం. ఒంటరివారిని మరువని ప్రభువుకే మహిమ.

సాఫ్ట్‌వేర్ కోర్సుల కోసం అమీర్‌పేట కిక్కిరిసిన రోజులవి. నేను పంజగుట్టలో ఒక ల్యాబులో పనిచేసేదాన్ని. వైరసుల జన్యువులను పోల్చి, ఏ జ్వరం ఎక్కడి నుంచి పాకిందో కనుక్కోవడం మా పని. ఈ ఊళ్ళో నాకు సొంతవాళ్ళంటే మా క్రైస్తవ సంఘమే.

ఆ ఏడు చికున్‌గున్యా వచ్చింది. కీళ్ళు పట్టేసి మా ఆడవాళ్ళు మోకరించలేకపోయేవారు. మైత్రీవనంలో కోచింగుకని కాకినాడ నుంచి వచ్చిన అమ్మాయికి అందరికంటే ముందు జ్వరం తగిలింది కనుక, ఆమే తెచ్చిందన్నారు. మందిరంలో ఆమె చాప మీద ఎవరూ కూర్చునేవారు కాదు.

"నిజంగా నేనే తెచ్చానా అక్కా? నా రక్తం తీసుకుని చూడండి" అని ఆ అమ్మాయి నన్ను అడిగింది.

ఆమె రక్తంతో పాటు, జ్వరపడినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి వాళ్ళ రక్తమూ తీసుకున్నాను. ఇళ్ళు ఎక్కడెక్కడో ఉన్నాయి. కానీ దాదాపు అందరూ ఆడవాళ్ళే. మందిరంలో ఆడవాళ్ళ వైపే, ఆ అమ్మాయి చాప పక్కనే బాప్తిస్మపు తొట్టి ఉంది. నీటి ఎద్దడి వల్ల, ఒక బాప్తిస్మం అయ్యాక ఆ నీళ్ళను పారబోయకుండా పలకలు కప్పి ఇంకోదానికి ఉంచేవాళ్ళం. తొట్టి దగ్గర దోమలు పట్టాను. వాటిలోని వైరసూ మా ఆడవాళ్ళ రక్తంలోనిదీ ఒకటే. ఆ అమ్మాయిది వేరు. అది కోస్తా నమూనాలతో సరిపోలింది, అంటే మావాళ్ళ జ్వరం ఆమె నుంచి వచ్చింది కాదు.

ఈ పోలికలు తేలేసరికి వారాలు పట్టింది. సంఘ పెద్దకు చెప్పాను.

"దోమలకు సుత బాప్తిస్మం ఇచ్చినమంటవా బిడ్డా?" అని నవ్వారు. అంతలోనే ముఖం మారింది. "గా నీళ్ళల్ల మనోళ్ళు సాక్ష్యమిచ్చిన్రు. గవి రోగం తెస్తయా?"

"నీళ్ళది తప్పు కాదు అయ్యగారూ. మూత సందుల్లోంచి దోమలు దూరి గుడ్లు పెట్టాయి."

 ఆదివారం ఆరాధనకు ముందు ఆయనే బకెట్టుతో తొట్టి ఖాళీ చేశారు. "గా పిల్లను అన్యాయంగ అన్నం. క్షమాపణ అడగాలె" అని అందరి ముందూ ఆమె కోసం చూశారు.

చాప ఖాళీగా ఉంది. హాస్టల్లో అడిగితే, ఎర్రగడ్డ వైపు ఎక్కడికో మారిందన్నారు. నంబరు ఎవరి దగ్గరా లేదు.

ఇప్పటికీ ఆ చాప మీదే కూర్చుంటాను, పక్కన చోటు వదిలి. చదువుతున్న మీరు కూడా నాతో కలిసి అడగండి: ప్రభువా, ఆమె ఏ మందిరంలో ఉన్నా, పక్కన ఒకరు కూర్చునేలా చెయ్యి. ఆమెన్.