సార్ నోటుబుక్కులో నా రాత

మా తెలుగు సార్ పోయారని పోయిన బుధవారం పొద్దున తెలిసింది. మా దగ్గర చదువుకున్న పిల్లవాడొకడు ఇప్పుడు సిరిసిల్లలో ఆటో నడుపుతున్నాడు. వాడే ఫోన్ చేశాడు. "టీచరమ్మా, తెలుగు సార్ పోయిండు. పదకొండు గొట్టంగ తీస్కపోతరట. అస్తవా?"

వస్తానన్నాను. జగిత్యాల బస్టాండు దాకా వెళ్లి, బెంచీ మీద కూర్చుని, రెండు బస్సులను వదిలేశాను. నేను సిరిసిల్ల చేరేసరికి అంతా అయిపోయింది. ఆయన ముఖం చూడడానికి భయపడ్డాను. ఆ ముఖంలో వంగిపోయిన ముక్కు ఉంటుంది. అది అలా వంగిపోవడంలో నా పాపమూ ఉంది.

నేను కొత్తగా ఉద్యోగంలో చేరింది కోరుట్ల దగ్గర ఒక పల్లె హైస్కూల్లో. అన్నలు, అదే నక్సలైట్లు, ఊళ్లలోకి వచ్చిపోతుండేవారు. వాళ్ల వెనకే పోలీసులు వచ్చి, ఎవరు అన్నం పెట్టారని అడిగేవారు. అలాంటి రోజుల్లోనూ మా సార్‌కు అక్షరాల ధ్యాసే. చాక్‌పీసు పట్టకముందే పిల్లల చేత గొంతు మీద చెయ్యి పెట్టించేవారు.

"క అనుండ్రి. గొంతు అదిరిందా? లేదు. గ అనుండ్రి. అదిరిందా? గంతే. పరుషాలకు, సరళాలకు గదే తేడా."

తర్వాత ప అని పట్టి ఉంచమనేవారు. పిల్లలు పెదవులు బిగించి, ముఖాలు ఎర్రబడి, చివరికి నవ్వేసేవారు. "ఉండది. ఇగ మ అని పట్టుండ్రి." గది మొత్తం తేనెపట్టులా మోగేది. న, ణ, ల, ళ, ర, య, వ అన్నీ అలాగే పట్టించేవారు. "అనునాసికాలని, అంతస్థాలని పుస్తకంల వేరువేరు పేర్లుంటయి గని, గివన్ని ఒక్క ఇంటియి. ఊపిరిని ఆపయి, తొవ్వ ఇస్తయి" అనేవారు. ఇంగ్లీషు పుస్తకాల్లో వీటిని సోనరెంట్లు అంటారని నాకు చెప్పింది కూడా ఆయనే. ఆయనకు అది పుస్తకంలో దొరికిన జ్ఞానం కాదు. సిరిసిల్లలో నేతవాళ్ల ఇంట్లో, సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడు మధ్య పెరిగినవారు. "సాంచా నడుస్తుంటె క, ట, త ఏవీ ఇనబడకపోయేది బిడ్డా. మా అవ్వ 'నాయినా' అని పిలిస్తె మాత్రం ఇనబడేది."

ఆదివారాలు సైకిలేసుకుని ఊళ్లు తిరిగి, ఎవరు ఏ మాటను ఎలా పలుకుతున్నారో రాసుకొచ్చేవారు. పెన్సిల్‌తో గీకిన ఆ కాగితాలను నోటుబుక్కులోకి ఎత్తిరాయడం నా పని. నా రాత గుండ్రంగా ఉంటుందని ఆయనే అడిగారు. "గీ వ ను సూడు. అచ్చులకు దగ్గరి చుట్టం. గందుకే ఒక ఊర్లె నిలవడ్తది, ఇంకో ఊర్లె జారిపోతది." నేను సంతోషంగా రాసేదాన్ని. "పెగడపల్లి – అచ్చిండు. బోయినపల్లి – వచ్చిండు." పక్కన మనిషి వయసు, ఒక చుక్కో, గీతో.

ఆ నోటుబుక్కును సార్ జగిత్యాలలో ఒక లెక్చరర్‌కు చూపించడానికి తీసుకుపోతుంటే, బస్సు ఆపి సంచులు వెదికారు. బుక్కు పోలీసుల చేతికి పోయింది. మరుసటి రోజు మధ్యాహ్నం ఎస్సై దాన్ని పట్టుకుని బడికి వచ్చాడు. హెడ్‌మాస్టర్ గదిలోకి సార్‌నూ నన్నూ పిలిచారు.

"పెగడపల్లికి ఎవడచ్చిండు?" అన్నాడు ఎస్సై.

"ఎవ్వలు రాలే సార్. గది మాట. మాట ఎట్ల పలుకుతరో రాసుకున్న."

"మరి గీ గుండ్రటి రాత ఎవలిది?"

సార్ నా వైపు కన్నెత్తి కూడా చూడలేదు. "నాదే. పెన్సిల్‌తోని ఒక తీరు అస్తది, పెన్నుతోని ఒక తీరు అస్తది."

ఎస్సై నా వైపు తిరిగాడు. "నువ్వు గూడ తెలుగు టీచరువే గదమ్మా. గీన చెప్పేది నిజమేనా? గిట్ల రాస్తరా ఎవలన్న?"

అన్నీ నాకు తెలుసు. నాలుగు మాటల్లో విప్పి చెప్పగలిగేదాన్ని. ఇంట్లో రెండేళ్ల కూతురు ఉంది, నిజమే. కానీ ఆ క్షణంలో నాకు గుర్తొచ్చింది నా కూతురు కాదు, నేనే.

"నాకు తెల్వదు సార్" అన్నాను.

ఆయనను జీపు ఎక్కించుకుపోయారు.

నాలుగు రోజులకు వదిలేశారు. ఆరో రోజు బడికి వచ్చారు. ముక్కు ఒక పక్కకు ఒరిగి ఉంది, కళ్ల కింద నలుపు. తొమ్మిదో తరగతిలోకి వెళ్లి, లేచి నిలబడ్డ పిల్లలతో "బీరు కూసోండ్రి" అన్నారు. పిల్లలు పకపకా నవ్వారు. నేను పక్క గదిలో ఉన్నాను, మధ్యలో తడకే అడ్డం.

"నవ్వుండ్రి, ఏం గాదు. గని ఎందుకు నవ్వచ్చిందో చెప్పుండ్రి." బోర్డు మీద మ, బ అని రాసిన చప్పుడు వినిపించింది. "రెండు పెదవుల కాన్నే పుడ్తయి. మ కు ముక్కుల నుంచి తొవ్వ ఉంటది. గా తొవ్వ మూస్తె బ అయితది. మీరు ముక్కు పట్టుకోని 'మామ' అనుండ్రి." నలభై మంది ముక్కులు పట్టుకుని "బాబ" అన్నారు. ఇక్కడ నేను ఆయన మాటలను సరిచేసి రాస్తున్నాను. ఆయన నోట అవి ఇంత చక్కగా రాలేదు.

ఆ ఏడాదే జగిత్యాలకు బదిలీ చేయించుకున్నాను. చాలా ఏళ్ల తర్వాత కోరుట్ల బస్టాండులో కనిపించారు. "మళ్ల రాస్తున్న బిడ్డా. నీ రాత మంచిగుంటది. ఎత్తిరాస్తవా?" అని అడిగారు. నా మీద కోపం ఉందేమోనని ఆ ముఖంలో వెదికాను, కనపడలేదు. అది నాకు మరింత కష్టమైంది. "సూస్త సార్" అన్నాను. పోలేదు.

బుధవారం నాడు సార్ ఇంట్లో బంధువులు పది మంది దాకా ఉన్నారు. ఆయన బిడ్డ నన్ను గుర్తుపట్టక "మీరెవలమ్మా?" అని అడిగింది. పాత స్టాఫునని చెప్పి ఊరుకోవచ్చు. ఊరుకోలేకపోయాను. "ఠాణాకు పట్టుకపోయిన నోటుబుక్కుల రాత నాది. నన్నడిగితే తెల్వదన్న" అన్నాను.

ఆమె నా దగ్గరికొచ్చింది. "గా నాలుగొద్దులు మా అమ్మ ఠాణా ముంగట కూసున్నది. అన్నం గిన్నె పట్టుకోని. గిది గూడ నీకు తెల్వదా?"

"తెల్వదు" అన్నాను. ఈసారి అది నిజం.

గోడకు ఆనుకుని చాప మీద సార్ భార్య కూర్చుని ఉంది. చేతులు నేలకు ఆనించి, మెల్లగా పక్కకు జరిగింది. చాప మీద ఒక మనిషికి సరిపడా చోటు ఖాళీ అయింది. అది నా కోసమేనో, కాళ్లు తిమ్మిరెక్కి జరిగిందో తెలియలేదు. నేను కూర్చోలేదు. బస్సు వేళ అయ్యేదాకా ఆ చోటు అలాగే ఉంది.