సిస్టరమ్మ అడగమన్న రెండు మాటలు

ఫోన్ వచ్చేసరికి నేను హైదరాబాదులో, మా ల్యాబు ఫ్రీజరు తలుపు తీసి పేరుకున్న మంచు గీకుతున్నాను. "అక్కా, అత్తమ్మ పోయింది" అంది సిస్టరమ్మ కోడలు. "పొద్దుగాల చాయ్ తాగింది. ఛాతిల నొప్పన్నది. దవాఖానకు తీస్కపోయేలోపే అయిపోయింది." నేను "సరే" అన్నాను. చావు కబురు వినగానే ఎవరైనా సరే అంటారా? బాగా అలసిపోయి ఉన్నాను. ఈమధ్య ఎవరేం చెప్పినా ముందు ఆ మాటే వస్తోంది.

సిస్టరమ్మ నర్సుగా పల్లెలు తిరిగి తిరిగి రిటైరైన మనిషి. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి, మూడు వైపులా ఆమెకు బదిలీలయ్యాయి. ఏ ఊళ్లో దిగినా ఆమె చేతుల మీద పుట్టినవాళ్లో, ఆమె సూదికి ఏడ్చినవాళ్లో ఎదురొచ్చేవారు. మా పరిశోధనకు ఇళ్లు తెలిసిన మనిషి కావాలని వెతుకుతుంటే ఆమె దొరికింది. రెండేళ్లు నాతో తిరిగింది.

డిప్రెషన్ కొన్ని ఇళ్లలో తల్లిదండ్రుల నుంచి పిల్లలకు ఎందుకు వస్తుంది, అందులో జన్యువుల వాటా ఎంత, ఆడవాళ్లలోనే ఎక్కువని రికార్డులు ఎందుకు చెబుతున్నాయి, ఇదీ నా పని. ఇంటింటికీ వెళ్లి ప్రశ్నలు అడగాలి, చిన్న గొట్టంలో ఉమ్మి పట్టి తేవాలి. నేను పోస్ట్‌డాక్‌నని, పీహెచ్‌డీ అయ్యాక ఇలాంటి ఉద్యోగం ఒకటుంటుందని మొదటి రోజు ఆమెకు చెప్పాను. శ్రద్ధగా విని, బచ్చన్నపేట దగ్గర ఒక ఇంటి ముందు నన్ను ఇలా పరిచయం చేసింది: "మా మేడం పోస్టాఫీసు డాక్టరమ్మ." ఆ ఇంటావిడ లోపలికి పోయి పింఛను కాగితాలు తెచ్చింది. సిస్టరమ్మ మాత్రం నవ్వలేదు. "పని జరగాలె గద బిడ్డా, పేరుతోనేముంది" అంది.

ఆ ఊళ్లో మా ప్రశ్నపత్రం బోర్లాపడింది. 'గత రెండు వారాలుగా మీరు విచారంగా, నిరుత్సాహంగా ఉన్నారా?' అని నేను చదువుతుంటే ఆడవాళ్లందరూ లేదు, లేదు అన్నారు. మధ్యాహ్నం దాకా అదే. నేను కుర్చీలో కూర్చుని గీతలు కొట్టుకుంటూ పోయాను. సిస్టరమ్మ ఓపిక పట్టి పట్టి చివరికి నా చేతిలోంచి అట్ట లాక్కుంది.

"గీ పుస్తకం మాటలు ఎవలకు తెలుస్తయి బిడ్డా? ముందుగాల కింద కూసో. తాగనీకె నీళ్లడుగు. గప్పుడు 'రంది ఉన్నదా' అని అడుగు."

అడిగాను. పొద్దున లేదన్న ఆవిడే ఒళ్లోని పత్తి పక్కన పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, సాయంత్రం దాకా మాట్లాడింది. బడి పుస్తకాల తెలుగులో లేని దుఃఖం ఆ ఒక్క మాటలో ఉంది. మా అమ్మ కూడా ఆ మాటే అనేదని నాకు అప్పుడు గుర్తొచ్చింది. నగరంలో చదువుకుని పోగొట్టుకున్నాను.

మహబూబాబాద్ వైపు తండాల్లో 'రంది' కూడా సరిపోలేదు. వాళ్ల ఇంటి భాష వేరు. "మీ మాటల దీన్ని ఏమంటరే అవ్వా, నాకు తెల్వదు, జర చెప్పు" అని సిస్టరమ్మ ఒక ముసలామె పక్కన చతికిలబడింది. తెలియదని చెప్పడానికి ఆమె ఎప్పుడూ సిగ్గుపడలేదు. నాకు అదే రాదు.

భూపాలపల్లిలో గని కార్మికుల క్వార్టర్లకు వెళ్లేసరికి మళ్లీ మొదటికొచ్చింది. మగవాళ్లను అడిగితే "రంది గింది ఏం లేదు మేడం" అని నవ్వారు. వరుసగా అందరికీ సున్నా. మగవాళ్లలో తక్కువేనని నేను దాదాపు నమ్మేశాను. సిస్టరమ్మ తల అడ్డంగా ఊపింది. "మొగోల్లను రంది అడుగుతె చెప్తరా? నాగాలు ఎన్నైనయో అడుగు."

నాగా అంటే డ్యూటీకి పోని రోజు. ఆ ప్రశ్నకు ఒకతను నేల చూస్తూ చెప్పాడు: "లెక్కలేదు మేడం. పొద్దుగాల షూ తొడుక్కుంట. గడప కాడ కూసుంట. మల్ల విప్పేస్త. ఎందుకో నాకే తెల్వదు." తలుపు దగ్గరున్న అతని భార్య, "నాకు కడుపునొస్తాందని చెప్పిండు" అంది నెమ్మదిగా.

ఈ రెండు మాటలూ ప్రశ్నపత్రంలో చేర్చాలంటే మళ్లీ అనుమతులు కావాలి, తిరిగిన ఇళ్లన్నీ మళ్లీ తిరగాలి. మా ప్రొఫెసర్ తల పట్టుకున్నారు. నేను నెలల తరబడి కాగితాలతో కుస్తీ పట్టాను. ఆ అలసట ఇంకా దిగలేదు.

నాగాల సంగతి నీకెట్లా తెలుసని ఒకసారి ఆమెను అడిగాను. "మా ఆయన షూ సుత గట్లనే గడప కాడ ఉంటుండె" అంది. ఆయనా గనిలోనే చేసి, వయసులో ఉండగానే పోయాడు. "పోలీసోల్లు కాయితం మీద కడుపునొప్పని రాసుకున్నరు. నర్సును, నాకు తెల్వదా? ఆయన్ను నేనే అడగలె బిడ్డా." అంతకంటే చెప్పలేదు. నేనూ తవ్వలేదు.

తన ఉమ్మి మాత్రం అందరికంటే ముందు ఇచ్చింది, జనం భయం పోవడానికి. "ఉమ్మే గద, ఆస్తి రాసిస్తలేను" అని నవ్వించింది. తన ప్రశ్నపత్రం తనే నింపింది, పై నుంచి కిందికి ఒకే గీతలో అన్నీ 'లేదు'. అందరినీ రెండోసారి అడిగినప్పుడు ఆమెను అడగడం మర్చిపోయాను. మన మనిషే కదా అనుకున్నాను. ఇప్పుడు మా కంప్యూటరులో ఆమె రంది లేని మనిషి. ఆ తప్పు నాది.

ఇంకొకటి కూడా ఉంది. పోయిన చలికాలం టేకుమట్ల నుంచి ఆటోలో వస్తున్నాం. "బిడ్డా, మా పిలగాడు సుత ఈ నడుమ..." అని ఏదో మొదలుపెట్టింది. అప్పుడే నా ఫోన్ మోగింది. నా ఉద్యోగం ఇంకో ఏడాది పొడిగిస్తారో లేదో తేలే ఫోన్. మాట్లాడి పెట్టేశాక "ఏదో అన్నావు సిస్టరమ్మా" అన్నాను. "ఏం లేదు తియ్. జర నిద్రపో, మొఖం పీక్కపోయింది" అని నా తల తన భుజానికి ఆనించుకుంది. నేను నిజంగానే నిద్రపోయాను.

చర్చి మందిరంలో ప్రార్థన, మట్టి చేయడం అయ్యాక, నాలుగో రోజున భూపాలపల్లిలో, గనిలోనే చేసే ఆమె కొడుకు క్వార్టరుకు వెళ్లాను. కోడలు కుర్చీ వేసింది. నేను కింద కూర్చుని నీళ్లడిగాను. నీళ్లు తాగుతుంటే గడప పక్కన గని షూ కనిపించింది. లేసులు విప్పి ఉన్నాయి, బొగ్గు మరక లేదు. ఆటోలో సగంలో ఆగిన మాట అప్పుడు పూర్తయింది.

ఆమె కొడుకు లోపలి గదిలోంచి వచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. అమ్మ గురించి కాసేపు మాట్లాడుకున్నాం. తర్వాత అడిగాను.

"నాగాలు ఎన్నైనయి తమ్ముడూ?"

అతను నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "నాకు తెల్వదక్కా. లెక్క అమ్మ పెట్టేది."

సోమవారం దవాఖానకు నేనూ వస్తాను, కలిసి పోదాం అన్నాను. అతను తల ఊపాడు. కోడలు ఖాళీ గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

వచ్చేటప్పుడు వంటింటి తలుపు వెనక క్యాలెండరు చూశాను. కొడుకు పనికి పోని ప్రతి తేదీ మీదా ఎర్ర పెన్నుతో పై నుంచి కిందికి చిన్న గీత ఉంది. తన ప్రశ్నపత్రంలో 'లేదు'ల మీద ఆమె కొట్టిన గీత లాంటిదే. ఆమె పోయిన రోజు నుంచి గళ్లు ఖాళీగా ఉన్నాయి. పెన్ను ఇంకా దారంతో మేకుకు వేలాడుతోంది.