ఖబరస్తాన్‌కు సుస్వాగతం

బందరు ఊరు మొత్తాన్నీ ఒక సాయంత్రం నేను శ్మశానానికి ఆహ్వానించాను. అదీ టై కట్టుకుని, చిరునవ్వుతో, టీవీలో. ఇంతటి ఘనకార్యం మా కృత్తివెన్నులో పుట్టినవాడెవడూ చెయ్యలేదని సగర్వంగా మనవి చేస్తున్నాను.

తొంభైల చివర్లో మాట. బందరులో కేబుల్ టీవీ నడిపే ప్రసాదుగారు సాయంత్రంపూట లోకల్ వార్తలు మొదలుపెడదామనుకున్నారు. మంచి పేరు చెప్పినవాడికే వార్తలు చదివే కుర్చీ అన్నారు. ఆ కుర్చీ కోసం నేను ప్రాణమైనా ఇచ్చేవాణ్ణి. అప్పటికే ఒక ఉర్దూ మాస్టారి దగ్గర కొన్ని పాఠాలు విని ఉన్నాను. అరబ్బీ మాటలకి మూడక్షరాల మూలం ఉంటుందని ఆయన చెప్పగానే, మిగతా పాఠాలు అనవసరమనిపించింది. మనది అంత చురుకైన బుర్ర మరి!

"ఖబరస్తాన్ అని పెడదామండీ," అన్నాను.

"అంటే ఏంట్రా?" అన్నారు ప్రసాదుగారు.

"మన కబురు అరబ్బీ మాటేనండీ. నాకు మూలాలు తెలుసు కదా, అసలు మాట ఖబర్. స్తాన్ అంటే చోటు. కబుర్లుండే చోటు ఖబరస్తాన్!"

"ఎక్కడో విన్నట్టుందిరా అబ్బాయ్."

"గొప్ప పేర్లన్నీ అలాగే ఉంటాయండీ."

కుర్చీ నాదైంది.

మొదటిరోజు అతిథి రహీం డాక్టరుగారు. ఊళ్లో సగంమంది నాడి చూసిన పెద్దమనిషి. ఆయన వచ్చి కూర్చునేసరికి లైవు మొదలైపోయింది.

"నమస్కారం! ఖబరస్తాన్‌కు సుస్వాగతం. చిన్నా పెద్దా అంతా రోజూ సకుటుంబంగా ఇక్కడికి రావాలని మా కోరిక!"

డాక్టరుగారు నా వెనక గోడ మీది పేరు వంక అలా చూస్తుండిపోయారు. నా ప్రతిభకి ముగ్ధులయ్యారనుకుని ఇంకాస్త రెచ్చిపోయాను.

"డాక్టరుగారూ, తమరు కూడా మీ పేషెంట్లందర్నీ మా ఖబరస్తాన్‌కే పంపాలండీ!"

"అక్కడికి పంపకుండా ఉండటానికే కదా బాబూ, నేను డాక్టరీ చదివింది," అన్నారాయన నెమ్మదిగా.

కెమెరామన్ నవ్వు ఆపుకోలేకపోవడంతో ఊరందరి టీవీల్లోనూ నేను ఊగిపోయాను.

"అదేంటండీ, ఖబర్ అంటే కబురేగా?"

"కబురే. సమాధికి ఇంకో మాటుంది. మనవైపు నోళ్లలో రెండూ ఒకేలా పలుకుతాయి గానీ, అరబ్బీలో మొదటి అక్షరమే వేరయ్యా. దాని మూలానికి అర్థం పాతిపెట్టడం. ఖబరస్తాన్ అంటే మా శ్మశానం."

ఇంతలో ఫోను మోగింది. లైవులోనే ఎత్తాను.

"మా తాతగారికి జ్వరం తగ్గిపోయిందండీ. ఆయన ఇప్పుడప్పుడే రాలేరండీ," అందొక ఆడగొంతు.

లైట్లు ఆరిపోయాయి. చీకట్లోంచి ప్రసాదుగారి కేక వినిపించింది. "మూలాలు తెలుసన్నావు కదరా! డాక్టరుగారు ఇక్కడే ఉన్నారు, నీ మూలాలేవో చూపించుకో!"

మర్నాటికి కార్యక్రమం పేరు 'కబుర్లు'గా మారింది, కుర్చీ ఇంకొకడికి పోయింది. ఏడుపొచ్చిన మాట నిజం. అయినా నేనింకేం వాగుతానో చూద్దామని ఆ సాయంత్రం ఊరంతా టీవీల ముందు కూర్చుందట. ఇంతమందిని ఏ పేరు కూర్చోబెట్టిందండీ? ప్రసాదుగారు కూడా నా పాండిత్యాన్ని వృథా పోనివ్వలేదు. చేతికి గునపం ఇచ్చి, "పాతిపెట్టడం మీద నీకు మంచి పట్టుంది. వెళ్లి కొత్త లైనుకి స్తంభాలు పాతు," అన్నారు.

కాబట్టి మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. మాట పుట్టుక తేలేదాకా ఈ జన్మలో ఎవర్నీ ఎక్కడికీ రమ్మని పిలవను. మా ఇంటికి, భోజనానికైనా సరే.