టి.సి. అందని విద్యార్థి

తెనాలిలో ఒక ధాన్యం కమీషన్ కొట్టు మేడ మీద, రోజూ పొద్దున ఏడింటికి మస్తాన్‌రావు తడిగుడ్డతో అద్దాల బీరువా తుడుస్తాడు. లోపల ఒక గ్లోబు, రెండు వాలీబాల్ కప్పులు, హెడ్మాస్టరు చేతి గంట, పిడి విరిగిన రబ్బరు ముద్ర, అట్ట ఊడిన అడ్మిషన్ రిజిస్టరు ఉంటాయి. రిజిస్టరు నూట నలభై మూడో పేజీలో అతని పేరుంది. బీరువా తాళం చెవి అతని మొలతాడుకే ఉంటుంది.

ఆ వస్తువులన్నీ విద్యావర్ధిని హైస్కూలువి. రేపల్లెకి దిగువన, సముద్రం గాలి తగిలేచోట ముప్పై ఏళ్లు నడిచిన స్కూలు. దాన్ని నడిపిన కమిటీ రెండు ముక్కలై కోర్టుకెక్కింది. గ్రాంటు ఆగిపోయింది, పంతుళ్లు ఒక్కొక్కరే వేరే ఊళ్లు చూసుకున్నారు. 1964 డిసెంబరులో గుర్తింపు రద్దయిందని కాగితం వచ్చింది. హెడ్మాస్టరు జగన్నాథరావు ఆరు రోజులు గడువు పెట్టాడు. తండ్రి వచ్చి రిజిస్టరులో సంతకం పెట్టి పిల్లవాడి టి.సి. తీసుకుపోవాలి. తండ్రి రాకుండా ఇచ్చేది లేదన్నాడు.

రైతుల పిల్లలకి అది ఇబ్బంది కాలేదు. తండ్రులు బండ్లు కట్టుకుని వచ్చారు, సంతకాలు పెట్టారు, పిల్లల్ని రేపల్లెలోనో బాపట్లలోనో చేర్చారు. మస్తాన్‌రావు తండ్రి సింగయ్య ఆ వారం సముద్రం మీద ఉన్నాడు. వాళ్ల పల్లెకారుల పాలెంలో మగాళ్లందరూ వేట మీదే ఉన్నారు, అక్కణ్ణించి ఆ ఏడు హైస్కూలుకి వెళ్లేది మస్తాన్‌రావొక్కడే. పడవలు పదకొండో రోజుకి ఒడ్డుకొచ్చాయి. తండ్రీ కొడుకులు తెల్లారగట్ల బయల్దేరి నడిచి వెళ్లేసరికి హెడ్మాస్టరు గదికి తాళం వేసి ఉంది. వరండాలో మేకలు పడుకుని ఉన్నాయి. బాపట్ల స్కూల్లో అడిగితే టి.సి. లేనిదే కుదరదన్నారు. తొమ్మిదో తరగతి సగంలో మస్తాన్‌రావు పడవెక్కాడు.

నాలుగేళ్లకి తెనాలిలో పూర్వ విద్యార్థుల సంఘం పుట్టింది. ఆ స్కూల్లో చదివిన రైతుబిడ్డలు అప్పటికి మిల్లులు, మందుల షాపులు, కోర్టు ప్రాక్టీసులు పెట్టుకుని స్థిరపడ్డారు. అధ్యక్షుడు బసవేశ్వరరావుకి పొన్నూరు రోడ్డు మీద రైసుమిల్లు ఉంది. కార్యదర్శి పాండురంగారావు ప్లీడరు. స్కూలు బిల్డింగు ఇటుకలతో సహా అమ్ముడుపోయిందని తెలిసి, వీళ్లే లారీ మాట్లాడుకుని వెళ్లి దొరికిన సామాను తెచ్చి ఈ మేడ మీద పెట్టుకున్నారు. ఏటా ఫిబ్రవరి మొదటి ఆదివారం సభ. ఆహ్వానపత్రం అచ్చువేయించి, ప్రతిదాని మీదా స్కూలు ముద్ర ఊదారంగు సిరాతో వేసి పంపుతారు. ఒక ఏడు ముద్ర వేయడం మరిచిపోతే, నిజమైన ఆహ్వానం కాదనుకున్నామని పదిమంది ఉత్తరాలు రాశారు.

మస్తాన్‌రావు 1970లో తెనాలి చేరాడు. భార్య గంగరత్నం రేపల్లె బండి మీద ఎండుచేపలు తెచ్చి బసవేశ్వరరావు మిల్లు గోడ వారన అమ్మేది. ఆమె మొగుడు విద్యావర్ధినిలో చదివాడని తెలిసి అధ్యక్షుడు మురిసిపోయాడు. రిజిస్టరు తీయించి చూస్తే, చివరి ఏడు చదువుతున్నవాళ్లలో టి.సి. తీసుకోకుండా మిగిలిపోయింది ఇతనొక్కడే. మెట్ల కింద గది ఇచ్చి, మేడ ఊడ్చే పని ఇచ్చారు. సంఘంలో సభ్యత్వం మాత్రం ఇవ్వలేదు. నిబంధన ప్రకారం స్కూలు విడిచినట్టు కాగితం ఉన్నవాడే పూర్వ విద్యార్థి.

సభలో మాత్రం అతనికి చోటుంది. పల్లెకారుల పిల్లల్నీ రైతుల పిల్లల్నీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టిన స్కూలు మనది అని అధ్యక్షుడు ఉపన్యాసం మొదలుపెట్టి, మన ఆఖరి విద్యార్థి అంటూ వెనక గోడ వైపు చెయ్యి చూపిస్తాడు. మస్తాన్‌రావు లేచి దణ్ణం పెడతాడు. అందరూ చప్పట్లు కొడతారు. తర్వాత అతను వెళ్లి కాఫీ గ్లాసులు కడుగుతాడు.

"ఇప్పుడు ఎన్నో క్లాసు మావా?" అని ఆ రాత్రి గంగరత్నం అడిగేది. "ఈసారన్నా పై క్లాసుకి పంపారా?"

1975 జనవరిలో ఆమె ఒక కబురు తెచ్చింది. ఆమె దగ్గర ఎండురొయ్యలు కొనే ఓవర్సియరు వీరరాఘవయ్య, రేపల్లె దిగువ కాలవ లాకు దగ్గర లష్కరు ఉద్యోగం ఖాళీ ఉందని చెప్పాడు. లాకు తలుపులు తిప్పాలి, నీటిమట్టం చూసి పుస్తకంలో రాయాలి. ఎనిమిదో తరగతి ప్యాసై ఉండాలి, వయసుకి రుజువు ఉండాలి. గవర్నమెంటు జీతం, లాకు పక్కనే పెంకుటిల్లు. నీటి సంగతి తెలిసినవాడు కావాలి గనక మీ ఆయన పేరు రాసుకుంటాను, ఫిబ్రవరి ఇరవైలోగా కాగితం తెమ్మను అన్నాడట.

ఎనిమిది ప్యాసైన సంగతి లోకంలో ఒకే చోట రాసి ఉంది. ఆ చోటుని మస్తాన్‌రావు రోజూ తుడుస్తున్నాడు.

ముందు బాపట్ల వెళ్లాడు. జగన్నాథరావు రిటైరై అక్కడే అద్దె ఇంట్లో ఉంటున్నాడు. చూపు మందగించింది, మాట మందగించలేదు. పల్లెకారుల పిల్లవాడని చెప్పగానే పేరు ఊహించాడు. ఆ పదకొండు రోజుల సంగతి విని చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నాడు.

"నేను ఇంకో వారం ఉండాల్సిందయ్యా," అన్నాడు. "మీవాళ్లు వేట మీదుంటారని నాకు తెలుసు. తెలిసే వెళ్లాను. నాకూ ఆరు నెలల జీతం రాలేదు."

ఇప్పుడు సంతకం పెడితే చెల్లుతుందా అని అడిగితే, సంఘం వాళ్లు రిజిస్టరూ ముద్రా ఇచ్చి పంపితే పెడతానన్నాడు. చెల్లుతుందో లేదో ఆఫీసు వాళ్లు చెప్పాలన్నాడు.

తిరిగొచ్చి మస్తాన్‌రావు అధ్యక్షుడికి చెప్పుకున్నాడు. ఆహ్వానాల లెక్క చూసుకోవడానికి కమిటీ కూర్చున్న రోజే విషయం చర్చకొచ్చింది. అతను గుమ్మం దగ్గర నిలబడ్డాడు. పాండురంగారావు ముద్ర చేతిలోకి తీసుకుని, మూతపడిన స్కూలు ముద్ర సర్టిఫికెట్టు మీద వెయ్యడం ఫోర్జరీ కిందికి వస్తుందని చెప్పాడు. ఆహ్వానాల మీద వేస్తున్నాం కదా అని ఎవరో గొణిగితే, అది అలంకారం అన్నాడు. స్కూలు పేరు చెడే పని చెయ్యకూడదని అందరూ ఒప్పుకున్నారు. మస్తాన్‌రావుకి అన్యాయం జరగకూడదని కూడా ఒప్పుకున్నారు. సలహా కోసం గుంటూరు విద్యాశాఖ ఆఫీసుకి ఉత్తరం రాయాలని తీర్మానించారు.

వారానికి జవాబొచ్చింది. మూతపడిన స్కూలు రికార్డులు ప్రైవేటు వ్యక్తుల దగ్గర ఉండరాదు. రిజిస్టర్లు, ముద్ర, సమస్త కాగితాలు వెంటనే ఆఫీసుకి అప్పగించాలి. సదరు విద్యార్థికి కావలసిన ధ్రువపత్రం రిజిస్టరు చేరిన పిమ్మట ఆఫీసే ఇస్తుంది.

ఆ ఉత్తరాన్ని పాండురంగారావు గట్టిగా చదివినప్పుడు మస్తాన్‌రావు కాఫీలు ఇస్తున్నాడు. చివరి వాక్యం వినగానే పళ్లెం బల్ల మీద పెట్టేశాడు. కమిటీ వాళ్లు మాత్రం చివరి వాక్యం దాకా రాలేదు. ముందు వాక్యం దగ్గరే ఆగిపోయారు. రిజిస్టరు పోతే సంఘానికి మిగిలేదేంటని ఒకాయన అడిగాడు. అందులో ప్రతివాడికీ తన పేరుంది, తండ్రి సంతకమో వేలిముద్రో ఉంది. ఏటా సభలో వరసకట్టి నిలబడి ఆ పేజీలు చూసుకుంటారు. ఒకతను తండ్రి పోయిన ఏడు ఆ వేలిముద్ర మీద చెయ్యి పెట్టి ఏడ్చాడు. గుంటూరు పంపితే ఏ మూల పడేస్తారో, ఏ చెదకి పెడతారో అన్నారు.

మస్తాన్‌రావు అయిదేళ్లలో మొదటిసారి ఆ గదిలో అడక్కుండా నోరు తెరిచాడు.

"ఇచ్చెయ్యండి బాబుగారూ. ఆ పుస్తకం ఆఫీసుకి చేరితే నాకు కాయితం వచ్చిద్ది. ఇరవయ్యో తారీకు దాకానే గడువండి."

ఎవరూ కోప్పడలేదు. బసవేశ్వరరావు అతన్ని దగ్గరికి పిలిచి కూర్చోమన్నాడు. అతను కూర్చోలేదు.

"నీ ఒక్కడి కోసం రెండొందల మంది గుర్తు పోగొట్టుకోమంటావా మస్తానూ?" అన్నాడు. "నీకిక్కడ ఏం తక్కువైంది చెప్పు."

"తక్కువేం లేదండి. నాకు గుర్తేం అక్కర్లేదండి. కాయితం కావాలి."

ఆ మాటకి గదిలో నలుగురు నవ్వారు. మంచి మాటన్నాడని ఒకాయన మెచ్చుకున్నాడు కూడా. తర్వాత పాండురంగారావు జవాబు రాశాడు. 1969 గాలివానలో మేడ కారి రికార్డులన్నీ తడిసి నాశనమయ్యాయని, తమ వద్ద ఏమీ లేవని తెలియజేయడానికి చింతిస్తున్నామని. అయిదుగురు సంతకాలు పెట్టారు. ఎవరైనా తనిఖీకి వస్తారేమోనని రిజిస్టరుని అధ్యక్షుడి ఇంట్లో ఇనప్పెట్టెలో పెట్టాలని నిర్ణయించారు. మోసుకెళ్లాల్సింది మస్తాన్‌రావు.

మర్నాడు మధ్యాహ్నం రిజిస్టరుని తువ్వాలులో చుట్టుకుని యోబు రిక్షా ఎక్కాడు. దారిలో బస్టాండు. గుంటూరు బస్సు కదలబోతోంది, కండక్టరు తలుపు పట్టుకుని ఊరి పేరు అరుస్తున్నాడు. మస్తాన్‌రావు ఆపమన్నాడు. తువ్వాలు విప్పి, మోకాళ్ల మీద పెట్టుకుని నూట నలభై మూడో పేజీ తీశాడు. పైన పేర్లకీ కింద పేర్లకీ స్కూలు విడిచిన తేదీ, టి.సి. నంబరు ఎర్రసిరాతో వేసి ఉన్నాయి. తొమ్మిదో తరగతికి ప్రమోటైనట్టు అతని పేరు పక్కన రాసి ఉంది. ఆ తర్వాతి గడులు ఖాళీ. పుస్తకం ప్రకారం అతనింకా చదువుతున్నాడు.

గుంటూరు ఆఫీసులో ఎవరికివ్వాలి? నువ్వెవరు, ఎక్కడ దొరికిందంటే ఏం చెప్పాలి? నాశనమైందని అయిదుగురు పెద్దమనుషులు సంతకం పెట్టిన పుస్తకం తన చేతిలో ఉంటే, దొంగ ఎవడవుతాడో అతనికి తెలుసు. గంగరత్నం గంప ఆ మిల్లు గోడ వారనే ఉంది. పడుకునేది ఆ మెట్ల కిందే. బస్సు ఒకసారి వెనక్కి వచ్చి, మళ్లీ ముందుకి తిరిగింది.

"దిగుతావా ఏంటి?" యోబు చెమట తుడుచుకుంటూ అడిగాడు. "దిగేవాడివైతే దిగు, ఎండలో నిలబెట్టమాక."

"లేదన్నా. పోనీ."

అధ్యక్షుడి భార్య మాణిక్యాంబ రిజిస్టరు అందుకుని, లెక్కల పుస్తకమా అని అడిగింది. కాదండి, స్కూలుదండి అన్నాడు. ఆమె మజ్జిగ ఇచ్చింది. తాగి, నడిచి తిరిగొచ్చాడు.

గంగరత్నానికి ఆ రోజే చెప్పాడు. ఆమె వెటకారం చెయ్యలేదు. బస్సు ఎంతసేపు ఆగిందని మాత్రం అడిగింది. ఆ తర్వాత ఎప్పుడూ అతన్ని క్లాసు గురించి అడగలేదు. అదే అతనికి ఎక్కువ బాధగా ఉండేది.

లాకు ఉద్యోగం కాకుమాను మనిషికి వచ్చింది. ఈ గొడవలో సభ ఆ ఏడు ఫిబ్రవరి నెలాఖరుకి జరిగింది. రిజిస్టరు సురక్షితమైన చోట ఉందని అధ్యక్షుడు ప్రకటిస్తే జనం చప్పట్లు కొట్టారు. తర్వాత ఆఖరి విద్యార్థి కోసం కొట్టారు. మస్తాన్‌రావు లేచి దణ్ణం పెట్టాడు.

మరుసటి జనవరిలో ఆహ్వానాలు ప్రెస్సు నుంచి వచ్చాయి. పాత ముద్ర సిరా సరిగా పట్టడం లేదని, ఒక్కొక్కటి రెండుసార్లు గట్టిగా నొక్కమని కార్యదర్శి చెప్పాడు. మస్తాన్‌రావు నేల మీద కూర్చుని పొద్దున్నించి మధ్యాహ్నం దాకా వేశాడు. మొత్తం రెండు వందల పద్నాలుగు.