మూతి సూపిచ్చి మాట్లాడాలె

మా మామగారు పోయిన కబురు నాకు చప్పుడు లేకుండా చేరింది. కరోనా రెండోసారి ఊరి మీద పడ్డ రోజులవి. నాకూ పాజిటివ్ వచ్చి వెనక గదిలో తలుపేసుకుని ఉన్నాను. ఆస్పత్రి నుంచి తిరిగొచ్చిన మా ఆయన బాల్కనీలోకి వచ్చి, కిటికీ అద్దానికి అవతల నిలబడి, మాస్కు గడ్డం కిందికి లాక్కున్నాడు. పెదాలు కదిలాయి. "బాపు పోయిండు." గొంతు వాడలేదు. నేను తప్పు లేకుండా చదివాను. అలా చదవడం నాకు అలవాటు చేసింది ఆ పోయిన మనిషే.

పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. మృదుభాషి అనీ, ఎవరినీ నొప్పించనివారనీ రాయొచ్చు. రాస్తే ఆయన ఎక్కడున్నా ఈ కాగితం లాక్కుని చదివి, "ఎవడే ఈ సచ్చినోడు, నాకు తెల్వదే!" అంటారు. ఆయన నాలుక మంచిది కాదు. ఇంట్లో అందరికీ తగిలేది, నాకు కాస్త ఎక్కువ తగిలేది. నేను కోస్తా నుంచి వచ్చిన కోడలిని. ఎమ్మే చదివినదాన్ని. దేన్నీ ఒక పట్టాన నమ్మనిదాన్ని. "నీకు నీ నీడ మీద గూడ అనుమానమేనే. దానికాడ గూడ రసీదు రాయించుకో," అనేవారు. మరి ఇంత కృతజ్ఞత దేనికని కొన్నాళ్ళుగా నన్ను నేను అడుగుతున్నాను. సరైన జవాబు దొరికిందని చెప్పలేను. గుర్తున్నవి రాస్తాను.

ఆయన పడుచుతనంలోనే తెలంగాణ నుంచి సూరత్ వచ్చి, ఉధ్నాలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే షెడ్డులో చేరి, అక్కడే మాస్టర్ అయ్యారు. ఆ షెడ్డును ఇక్కడ ఖాతా అంటారు. మరమగ్గాలన్నీ ఒకేసారి కొట్టుకుంటుంటే లోపల పిడుగు పడ్డా తెలియదు. అందుకే అక్కడ ఎవరూ అరవరు. మూతి పెద్దగా తెరిచి, చప్పుడు లేకుండా మాట్లాడతారు. అవతలివాడు పెదాలు చూసి అర్థం చేసుకుంటాడు. ఆ అలవాటు వాళ్ళతోపాటు ఇంటికీ వస్తుంది. నేను కాపురానికి వచ్చిన కొత్తలో తండ్రీకొడుకులు కంచాల ముందు కూర్చుని ఒకరినొకరు చూసుకుంటూ నోళ్ళు ఆడించేవారు. వంట గురించి వెక్కిరించుకుంటున్నారని భయపడి ఒకరోజు మా ఆయన్ని నిలదీశాను.

"ఛ, నీ గురించి కాదు," అన్నాడు.

మామగారు తలెత్తి, ఈసారి గొంతుతోనే, "అబద్ధమెందుకురా? కోడలా, నీ గురించే. గీ పప్పుల ఉప్పు నీ ఎమ్మే లెక్కనే ఉన్నది. ఉన్నదంటరు గాని కనవడది," అన్నారు.

ఆ ఇంట్లో ఒక్కటే చట్టం. ఆయనతో మాట్లాడాలంటే ఎదురుగా రావాలి. వంటింట్లోంచి "మావయ్యా, టీ పెట్టనా?" అని కేకేస్తే పలికేవారు కాదు. హాల్లోకి వెళ్ళి నిలబడితే అప్పుడు విసుక్కునేవారు. "గోడలకు తాపిస్తవా టీ? ఇటు రా. మూతి సూపిచ్చి మాట్లాడాలె. మూతి దాసుకునేటోడు దొంగ." మూతి అన్న మాట మా వైపు కసురుకునేటప్పుడే వాడతాం. మొదట్లో చివుక్కుమనేది. మా అమ్మకు మాట్లాడేటప్పుడు పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకునే అలవాటు. మమ్మల్ని చూడ్డానికి వచ్చినప్పుడు అలాగే ఏదో మర్యాదగా అడిగింది. ఆయన ఆమె వైపు చూసి నాతో అన్నారు: "మీ అమ్మ ఏం ఎత్కపోతుందే, కొంగుల దాస్తుంది?" అమ్మ మర్నాడే బండెక్కింది. మళ్ళీ సూరత్ రాలేదు.

దాన్ని మేమంతా అహంకారం అనుకున్నాం. మాస్టర్ హోదా ఇంకా దిగలేదనుకున్నాం. మా ఆయన హజీరాలో ఒక ఫ్యాక్టరీలో ఇంజనీరు. యంత్రాల చప్పుడు ఎంత దాటితే చెవులకు ప్రమాదమో కంపెనీలో కొత్తవాళ్ళకు పాఠం చెబుతాడు. ఆయనకూ తోచలేదు. పెదాలతోనే సగం సంసారం నడిచే ఇంట్లో, చెవుల సంగతి ఎవరు పట్టించుకుంటారు?

తర్వాత మూతులన్నీ గుడ్డల వెనక్కి వెళ్ళిపోయాయి. పాలవాడు, వాచ్‌మన్, కూరగాయల మనిషి, మందుల షాపువాడు. మామగారు ఎవరితోనూ మాట కలపడం మానేశారు. ఎవరైనా పలకరిస్తే కస్సుమనేవారు. కింది ఫ్లాటు గుజరాతీ ఆవిడ, "అంకుల్‌కు కోపమొచ్చిందా?" అని నన్ను రెండు మూడుసార్లు అడిగింది. మనుషులతో మాటలు పోయాక ఆయనకు పాటలు మిగిలాయి. హాల్లో మా ఆయన పెళ్ళికి ముందు కొన్న చిన్న స్పీకర్ల జత ఉండేది. రోజంతా వాటి ముందు కుర్చీ వేసుకుని, పాత సినిమా పాటలు పెట్టించుకుని కూర్చునేవారు. అక్కడా మాటలు దొరికినట్టు లేదు. తప్పు డబ్బాలదన్నారు.

"నములుతున్నయిరా ఇవి. సగం మాట మింగి సగం కక్కుతున్నయ్. కొత్తయి తే."

మా ఆయనకు అంతకన్నా కావలసిందేముంది? స్పీకర్ల పిచ్చి ఆయనకు కాలేజీ నాటిది. వారాల తరబడి ఫోన్లో అవే చదివాడు. షెల్ఫులో పెట్టుకునే చిన్నవే చాలు, గది చిన్నది కదా అన్నాడు. గోడకు మరీ ఆనిస్తే గుమగుమమంటూ మాట మసకబారుతుందనీ, కూర్చున్న మనిషి చెవి ఎత్తులో ఉండాలనీ అన్నాడు. అన్నిటికన్నా ముఖ్యం, రెండు జతల్ని పోల్చేటప్పుడు చప్పుడు సమానంగా పెట్టాలట. లేకపోతే కాస్త గట్టిగా మోగిందే మంచిదనిపిస్తుందట.

లాక్‌డౌన్ సడలించాక ముగ్గురం దుకాణానికి బయల్దేరాం. మామగారు పాత స్పీకర్లను ఒక చీర ముక్కలో మూటగట్టి ఒళ్ళో పెట్టుకుని కారులో కూర్చున్నారు.

"ఇవెందుకు బాపూ? నవ్వుతారు," అన్నాడు మా ఆయన.

"నవ్వనీ. కొత్త మాల్‌ను కొత్త మాల్‌తోని పోల్చేటోడు మోసపోతడు. పాతదాని పక్కన పెట్టాలె. అప్పుడు తెలుస్తది, ఎంత ఎక్కినవో, ఎంత దిగినవో."

బట్టల మార్కెట్ నియమం అది. కొత్త బట్ట తాను చూపించే దళారీ ముందు, జేబులోంచి పాత ముక్క తీసి పక్కన పరిచేవారట ఆయన.

దుకాణంలో అద్దాల గది. తివాచీ, ఒక సోఫా, ఎదురుగా స్టాండ్ల మీద రెండు కొత్త జతలు. మూట విప్పగానే అమ్మేవాడి కళ్ళు మాస్కు పైన నవ్వాయి. ఒక పాట పెట్టి, మీట నొక్కుతూ ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు మార్చి వినిపించడం మొదలుపెట్టాడు. నాకు మొదట తేడా తెలియలేదు. తర్వాత తెలిసినట్టనిపించింది. తర్వాత, తెలియాలని అనుకోవడం వల్ల తెలిసిందేమో అనిపించింది. మామగారు సోఫా అంచున కూర్చుని కళ్ళార్పకుండా చూస్తున్నారు. ఉన్నట్టుండి చెయ్యెత్తి ఆపారు.

"అరే భాయ్, గిట్ల నడవది. ఆ నల్ల డబ్బా పెట్టినప్పుడల్లా నీ వేలు గుండీ మీదికి పోతుంది. దాని చప్పుడు జర పెంచుతున్నవ్." తర్వాత హిందీలో వాడికి అర్థమయ్యేలా మళ్ళీ చెప్పారు.

అమ్మేవాడు కంగారుపడ్డాడు. ఖరీదైన జత అదే మరి. మా ఆయన మొహం వెలిగిపోయింది. "చూశావా, బాపు చెవి!" అన్నాడు నాతో. నేనూ సంబరపడ్డాను. ఆయన పట్టింది చెవితో కాదు, కంటితో అని అప్పుడు ఎవరికీ తట్టలేదు.

అక్కడితో కొనేసి వచ్చి ఉంటే ఆయన గెలిచి వచ్చేవారు. కానీ మా ఆయన ఇంజనీరు. "బాపూ, ఒక్కసారి కండ్లు మూసుకో. ఏది మోగుతుందో చూడకుండా చెప్పు. గదే అసలు పరీక్ష," అన్నాడు. మాస్కులోంచి అన్నాడు కాబట్టి ఆయనకు అందలేదు. మా ఆయన తన కళ్ళు మూసి చూపించాడు. మామగారు నా వైపు ఒకసారి చూశారు. ఎందుకు చూశారో తెలియదు. నా మొహమూ సగమే ఉంది. కళ్ళు మూసుకున్నారు.

పాట నడిచింది. ఆయన కుడిచేతి చూపుడు వేలు మోకాలి మీద తాళం వేస్తోంది. అమ్మేవాడు మీట మార్చాడు. మళ్ళీ మార్చాడు. తీగ ఊడిందో, వాడే ఆపాడో, పాట ఆగిపోయింది. గదిలో ఏసీ చప్పుడు మాత్రమే మిగిలింది.

వేలు ఆగలేదు.

మోకాలి మీద తాళం పడుతూనే ఉంది. మామగారు మెల్లగా తలూపారు. "ఆఁ... ఇది. ఇది సాఫ్ ఉంది. ఇదే తీసుకుందం," అన్నారు.

అమ్మేవాడు నవ్వేశాడు. నవ్వకూడదని మోచేతితో మాస్కును అదుముకుని మరీ నవ్వాడు. మా ఆయన నవ్వలేదు, కానీ ఆపు అని కూడా అనలేదు. మామగారు కళ్ళు తెరిచి ముగ్గురి కళ్ళలోకీ ఒక్కొక్కటిగా చూశారు. మొహాలు చదవడంలో ఆయనకు సాటి లేరు. సగం మొహాలు చాలాయి.

"ఎందుకే అట్ల చూస్తరు? పీనుగు లేచినట్టు," అని, పాత స్పీకర్లను తనే మూట కట్టుకున్నారు.

ఆయన కావాలనే మమ్మల్ని ఆట పట్టించారేమోనని నేను చాలా రోజులు అనుకున్నాను. పట్టించగల మనిషే. ఇప్పటికీ ఆ అనుమానం పూర్తిగా చావలేదు. చంపుకోవడం నాకిష్టం లేదేమో కూడా.

కారులో మా ఆయన మాస్కు తీసి, అద్దంలోంచి వెనక్కి చూస్తూ, "బాపూ, చెవుల డాక్టరుకు చూపిద్దాం. చిన్న మిషన్ వస్తది, కనపడదు కూడా," అన్నాడు.

"దేనికి? చెవులిచ్చి బువ్వ తెచ్చుకున్నం. నీ చదువు తెచ్చిన. లెక్క సాఫ్. ఇచ్చింది మళ్ళ అడుగుతరా ఎవలన్న?" అని కిటికీ వైపు తిరిగిపోయారు. తిరిగారంటే ఇక ఎవరేమన్నా ఆయనకు లేనట్టే. ఆ తిరగడం ఎంత పెద్ద తలుపో నాకు ఆ రోజు తెలిసింది.

చివరికి మా ఆయన కొన్న ఆ నల్ల జతే ఇంటికి వచ్చింది. నా పుస్తకాల షెల్ఫులో మధ్య అర ఖాళీ చేయించారు. "నీ పుస్తకాలు ఎట్లా మాట్లాడయి. వీటినన్న కూసోబెట్టు," అన్నారు. మా ఆయన దుకాణం ముచ్చట లింబాయత్‌లోని చుట్టాలకు ఫోన్లో చెప్పుకున్నాడు. బాధతోనే మొదలుపెట్టాడు గానీ, రెండో చుట్టానికి చెప్పేసరికి అది జోకయింది. ఆయన అదీ చదివారు, హాల్లో ఈ చివర కూర్చుని, కొడుకు పెదాల మీదే. ఆ రోజు నుంచి పాట పెట్టి, కుర్చీ షెల్ఫుకు దగ్గరగా జరుపుకుని, స్పీకరు పైన అరచెయ్యి ఆనించి కూర్చునేవారు. ఖాతాలో సాంచా సరిగ్గా నడుస్తోందో లేదో అలాగే చెయ్యి పెట్టి చూసేవాళ్ళట. నేను ఎదురుగా వెళ్ళి నిలబడి, నోరు బాగా తెరిచి, "ఎలా ఉంది మావయ్యా?" అని అడిగాను.

"గట్ల నోరు తెరవకు. ఈగలు దూర్తయ్," అన్నారు. కానీ జవాబు చెప్పారు: "పాతదే నయముండె. దానికి నేను తెలుసు."

కరోనా రెండోసారి వచ్చినప్పుడు జ్వరం ముందు ఆయనకే వచ్చింది. వార్డులోకి ఎవరినీ రానివ్వలేదు. లోపల అందరూ తల నుంచి కాళ్ళ దాకా తెల్ల తొడుగుల్లో ఉన్నారు, ఒక్క మూతి కనపడదు. పేషెంటు చెప్పినమాట వినడం లేదని మాకు ఫోన్ చేశారు. బోర్లా పడుకోమంటే పడుకోవడం లేదట, చేతులు విసురుతున్నాడట. ఆయనకు వినపడదు, రాసి చూపించండి అన్నాను. రాసి చూపించారు, గుజరాతీలో. ఆయనకు వచ్చిన అక్షరాలు తెలుగువి.

మా ఆయన ఆస్పత్రి గేటు దగ్గర మాస్కుతో ఉన్నాడు. అప్పటికే గదిలో బందీ అయిన నాకు మాత్రమే మొహం పూర్తిగా ఉంది. నర్సును బతిమాలి వీడియో కాల్ పెట్టించుకున్నాను. ఫోన్ ఆయన ముందు పట్టుకున్నారు. నేను గొంతు తీసేసి, ఆ ఇంటి పద్ధతిలో, మూతి పెద్దగా తెరిచి మాట్లాడాను. బోర్లా పడుకోవాలి మావయ్యా. ఊపిరి కోసం. వాళ్ళు కొట్టడానికి రావడం లేదు. తిప్పడానికి వస్తున్నారు.

"మేడం, ఆప్కీ ఆవాజ్ నహీ ఆ రహీ," అంటోంది నర్సు, నా గొంతు వినపడటం లేదని.

ఆయనకు అందింది. కళ్ళు చెప్పాయి. ఎన్ని రోజుల తర్వాతో ఒక మనిషి మూతి చూసినట్టు ఆబగా చూశారు. తలూపారు. బోర్లా తిరగడానికి తనే భుజం ఎత్తబోయి, ఆగి, నాకేదో చెప్పడం మొదలుపెట్టారు.

ఆయన ముక్కు మీద, నోటి మీద ఆక్సిజన్ మాస్కు ఉంది. లోపల తెల్లగా ఆవిరి పట్టి ఉంది. తెర మీదికి వంగి చూశాను. తిట్టో, దీవెనో, పప్పులో ఉప్పో. ఇటు నా మూతి మొత్తం ఆయనకు కనపడుతోంది, అటు ఆయనది నాకు లేదు. నాకు తెలియడం లేదని ఆయన నా మొహంలో చదివినట్టున్నారు. మూతి చూపించడానికి చెయ్యెత్తి మాస్కు పట్టుకుని లాగబోయారు. పక్క నుంచి నీలం గ్లవ్ ఒకటి వచ్చి, ఆ చేతిని మెల్లగా దించి, మాస్కును మళ్ళీ సర్దింది. ఆవిరి వెనక పెదాలు ఇంకా కదులుతూనే ఉన్నాయి.