వింటాను, పంపను

దెయ్యాల కబుర్లు మొదలైతే లేచి బయటికి పోయే రకం నేను. ఇప్పటికీ అంతే. అందుకే ఈ సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

నాది టెక్కలిలో కంప్యూటర్ పని. యాప్ ఏదీ లేకుండా బ్రౌజర్‌లోనే వీడియో కాల్ మాట్లాడుకునే పేజీలు తయారుచేస్తాను. మా ఇంటికోసం కూడా ఒకటి చేశాను. మాది చర్చికి వెళ్లే కుటుంబం. సాయంత్రమైతే మందసలో అమ్మ కుటుంబ ప్రార్థన చేస్తుంది. పలాసలో డయాలసిస్ మంచం మీదున్న అక్క కూడా అందులో ఉండాలని అమ్మ పట్టుబట్టింది.

ఇలాంటి కాల్ కలిసే ముందు రెండు ఫోన్లూ పెళ్లిమాటలకు కూర్చున్నట్టు ఒక అంగీకారానికి రావాలి. మాట ఇలా పంపగలను, బొమ్మ ఇలా పంపగలను అని ఒకటి వివరం పంపుతుంది. తనకేది కుదురుతుందో రెండోది జవాబిస్తుంది. జవాబు రాకపోతే కాల్ లేదు.

మొదటి రోజే అక్క నాతో చెప్పేసింది. "ఒరే తమ్ముడూ, అమ్మకి నా మొకం సూపించకు. మాటాడే ఓపికా నేదు. నానింతాను, సాలు."

అలాగే అమర్చాను. ఆమె ఫోన్ నుంచి ఎప్పుడూ ఒకటే జవాబు వచ్చేది: వింటాను, పంపను. అమ్మ ఫోన్‌లో అక్క పేరు కింద నల్లటి గడి కనిపించేది. అమ్మ దానికేసి చూస్తూ ప్రార్థించేది.

చివరి సాయంత్రం ప్రార్థన మధ్యలో కాల్ తెగిపోయింది. మళ్లీ కలిపేలోపే బావ ఫోన్ చేశాడు. అక్క పోయింది.

"ఆమేన్ ఇనకుండా ఎల్లిపోనాదిరా నా పిల్ల." అమ్మకి రోజూ అదే మాట. అన్నం ముందు కూర్చున్నా అదే. ప్రార్థన మానేసింది, తిండీ తగ్గించేసింది. ఆవిడ కూడా దక్కదేమోనని భయపడ్డాను.

అక్క ఫోన్ బావ నాకిచ్చేశాడు. బ్యాటరీ ఉబ్బిపోయింది, ఆన్ కాదు. టెక్కలిలో నా బీరువాలో పెట్టాను.

కొన్ని వారాల తర్వాత ఒక ఆదివారం మందస వెళ్లాను. పెరట్లో జీడిచెట్ల మీద ఇంకా ఎండ ఉంది. అమ్మ ఫోన్ తీసి అక్క పేరు నొక్కింది.

"ఓపాలి అడిగి సూత్తాన్రా" అంది.

నేను వారించలేదు. తెరమీద చక్రం కాసేపు తిరిగి ఆగిపోతుందిలే అనుకున్నాను.

కాల్ కలిసింది.

నల్లటి గడి. చప్పుడు లేదు. అమ్మ కళ్లు మూసుకుని, ఆరోజు తెగిన చోటినుంచి ప్రార్థన అందుకుంది. అమ్మ ఆమేన్ అంది. కాల్ ముగిసింది. మా ఇద్దరిలో ఎవరమూ ఫోన్ ముట్టుకోలేదు, అవతలి వైపునుంచే ముగించారు.

టెక్కలి వెళ్లి అంతా వెతికాను. అక్క ఫోన్ బీరువాలో అలాగే ఉంది. ఆమె పేరుతో ఇంకెక్కడా పేజీ తెరిచి లేదు. నా ప్రోగ్రామ్‌లో తప్పుందేమోనని ఎన్నోసార్లు చూశాను, దొరకలేదు. ఆ కాల్ వివరాల్లో జవాబు మాత్రం వచ్చి ఉంది: వింటాను, పంపను. ఎవరు పంపారో ఈ పనిలో ఉండి కూడా చెప్పలేను.

అమ్మ మళ్లీ అన్నం తింటోంది. అక్క పేరు నొక్కదు. "ఇనేసిందిలే" అంటుంది.

నేనే అప్పుడప్పుడు నొక్కి చూస్తాను. అక్కతో చెప్పుకోవాల్సినవి నాకూ ఉన్నాయి. జవాబు రాదు.